కరెంటు ఇచ్చినా గది కదలదెందుకు?

సంక్రాంతి వెళ్లిన వారంలో ఒక సాయంత్రం పాలంపేట నుంచి ఫోను. "అన్నా, బండి గది బయటే ఉండిపోయింది. కాళ్లు పైకి లేవడం లేదు. కరెంటు తగిలించి గంట దాటింది, అయినా ఉలకదు పలకదు." హన్మకొండలో ఇరవై ఏళ్లుగా బ్యాటరీల దుకాణం నడుపుతున్నాను. సెల్ఫ్ తిరగని కార్లు, హారన్ మోగని లారీలు, పది నిమిషాలకే చేతులెత్తేసే ఇంటి ఇన్వర్టర్లు ఎన్నో చూశాను కానీ గదులూ కాళ్లూ ఉన్న బండిని మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. "కరెంటు ఇచ్చాక మోటారు తిరగాలి కదా, ఎందుకు తిరగదు?" అని ఆ డ్రైవరు అడిగిన ప్రశ్నకు ఫోనులో జవాబు చెప్పలేకపోయాను. ఒక్క ముక్కలో చెప్పే జవాబు కూడా కాదది.

ఆ బండి ఒక క్యారవాన్. బస్సు చాసిస్ మీద మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్, స్నానాల గది అమర్చిన చక్రాల ఇల్లు. హైదరాబాద్ కుటుంబం ఒకటి దాన్ని అద్దెకు తీసుకుంది. జాతర రద్దీ మొదలుకాక ముందే మేడారంలో మొక్కు చెల్లించుకుని, తిరుగు దారిలో రామప్ప గుడి చూసి, చెరువుకు దగ్గరలో కోతలైన పొలం అంచున రెండు రాత్రులు మకాం వేసింది. మూడో రోజు బయలుదేరబోతే ఇదీ సంగతి.

అమెరికాలో ఇలాంటి బండ్లను ఆర్‌వీలంటారు. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల వీటి తయారీయే పెద్ద పరిశ్రమ. రోడ్డు మీద బండి ఎంత వెడల్పు ఉండవచ్చు అన్నదానికి అక్కడా ఇక్కడా హద్దు దాదాపు ఒకటే: అక్కడ 102 అంగుళాలు, మన మోటారు వాహన నిబంధనల్లో 2.6 మీటర్లు. అంత ఇరుకులో అడ్డంగా మంచం వేస్తే మనిషి నడవడానికి దారి ఉండదు. అందుకని పక్కగోడలో కొంత భాగాన్ని, సోఫాతోనో మంచంతోనో సహా, బీరువా సొరుగులా బయటకు జారేట్టు కడతారు. దాన్నే స్లైడ్ అంటారు. బండి ఆగాక బయటకు, కదిలేముందు లోపలికి. జాక్‌లంటే బండి నాలుగు మూలల కింద దిగే ఉక్కు కాళ్లు. నేల ఎలా ఉన్నా లోపల నీళ్ల గ్లాసు ఒరగకుండా ఇవి బండిని మట్టం చేసి నిలబెడతాయి. కాళ్లు నేల మీద ఉన్నంతసేపూ, గది బయట ఉన్నంతసేపూ ఆ ఇంటికి చక్రాలున్నా లేనట్టే.

ఈ రెండూ ఆడేది 12 వోల్టుల బ్యాటరీ మీద, ఇంటి కరెంటు మీద కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

నేను వెళ్లేసరికి చీకటి పడింది. పక్కనున్న టీకొట్టు నుంచి పొడవాటి వైరు లాగి బండికి తగిలించారు. లోపల దీపాలు వెలుగుతున్నాయి. పెద్దాయన ఒకరు స్వెటరు వేసుకుని కుర్చీలో ఓపికగా కూర్చున్నారు, పిల్లలు మాత్రం ఇదంతా తమ కోసం ఏర్పాటు చేసిన వినోదం అనుకుంటున్నారు. డ్రైవరు స్లైడ్ బటన్ నొక్కాడు. గోడ వెనక నుంచి టక్, టక్, టక్, టక్. నొక్కినంతసేపూ దీపాలు మసకబారాయి, వదలగానే తేరుకున్నాయి. గది వెంట్రుకవాసి కదలలేదు. "చూశారా అన్నా, కరెంటు బ్రహ్మాండంగా ఉంది. మోటారే పోయింది" అన్నాడు.

మోటారు పోలేదు. దీపాలు మసకబారడమే ఆ మాట చెబుతోంది. మోటారు తీగ తెగిపోయి ఉంటే అది కరెంటు లాగేదే కాదు, దీపాలకు ఏమీ అయ్యేది కాదు. అది లాగుతోంది, ఇవ్వాల్సిన చోట ఇచ్చే సత్తా లేదు.

రామప్ప చెరువు పక్కన నిలబడి ఉన్నాం కాబట్టి పోలిక కోసం దూరం వెళ్లనక్కర్లేదు. కాకతీయుల కాలపు చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండి అలుగు పోస్తేనే కింది చెరువుకు నీళ్లు. ఎండాకాలం తర్వాత పై చెరువు నెర్రెలు విచ్చి ఉన్నప్పుడు కాలువలో ఎంత నీరు వచ్చినా ముందు ఆ నెర్రెలే తాగుతాయి. మట్టం తూము దాకా ఎక్కే వరకు తూము తలుపు ఎత్తినా పొలానికి చుక్క రాదు. "కాలువలో నీళ్లు పారుతున్నాయి కదా" అని ఎంత వాదించినా రాదు.

బ్యాటరీ ఆ చెరువు. బండిలోని చార్జర్ కాలువ. మోటారు తూము కింది పొలం, అదీ ఒక్కసారిగా మడంతా తడవాలని మంకుపట్టు పట్టే పొలం. వోల్టు అంటే నీటి మట్టం, ఆంపియర్ అంటే పారకం. డ్రైవరు టీకొట్టు నుంచి తెచ్చిన 230 వోల్టుల కరెంటు నేరుగా మోటారుకు వెళ్లదు. అది చార్జర్‌లోకి వెళ్లి 14 వోల్టుల దగ్గర సన్నని ధారగా మారి బ్యాటరీలో పడుతుంది. దీపాలకు ఆ ధార చాలు, గోడను మోసుకొచ్చే మోటారుకు చాలదు.

అంకెలు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. అమెరికన్ ఆర్‌వీల్లో చార్జర్లు సాధారణంగా 45, 55 ఆంపియర్లవి ఉంటాయి. మన దగ్గర కట్టే క్యారవాన్లలో అంతకంటే చిన్నవే ఎక్కువ. చిన్న స్లైడ్ మోటారు నడుస్తున్నప్పుడు 10 నుంచి 20 ఆంపియర్లు, మంచమో వంటగట్టో మోసే పెద్ద స్లైడ్ 30, 40 దాకా లాగుతుంది. అది నడక మొదలయ్యాక. నిలకడ నుంచి కదిలే తొలి క్షణంలో దానికి రెండు మూడింతలు కావాలి. నూనె ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ జాక్‌ల పంపు అయితే వంద ఆంపియర్ల దరిదాపుల్లోకి అలవోకగా వెళుతుంది. ఇంత పారకం చార్జర్ ఎన్నడూ ఇవ్వలేదు, ఇవ్వాలని ఎవరూ కట్టనూ లేదు. మోటారు ఆకలిని బ్యాటరీ తీరుస్తుంది, బ్యాటరీ వెలితిని చార్జర్ తాపీగా పూడుస్తుంది అన్నదే ఈ ఏర్పాటు మొత్తానికి పునాది. బ్యాటరీ పడిపోతే మధ్యలో వంతెన కూలినట్టే.

ఆ టక్‌టక్ ఎక్కడిదో కూడా ఇప్పుడు చెప్పవచ్చు. బటన్ నొక్కగానే రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, మోటారును కలుపుతుంది. మోటారు లాగగానే వోల్టేజీ కుప్పకూలుతుంది. వోల్టేజీ కూలగానే రిలే పట్టు వదిలేస్తుంది. వదలగానే భారం పోయి వోల్టేజీ లేస్తుంది, రిలే మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకు అయిదారుసార్లు ఇదే తంతు. బటన్ మీద వేలు అలాగే ఉంచితే రిలే లోపలి కొనలు నిప్పురవ్వలకు కాలి అతుక్కుపోవచ్చు. డ్రైవరు చేతిని బటన్ మీంచి తీయించడమే ఆ రాత్రి నేను చేసిన మొదటి మరమ్మతు.

విచిత్రమేమిటంటే ఈ పనికి కావలసిన మొత్తం కరెంటు చాలా తక్కువ. స్లైడ్ 40 ఆంపియర్లు లాగుతూ ఒక నిమిషంలో లోపలికి వచ్చిందనుకోండి, ఖర్చయ్యేది ఒక ఆంపియర్ అవర్ (ఒక ఆంపియర్ గంటసేపు పారితే ఎంతో అంత) కూడా కాదు. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో నూరో వంతుకు తక్కువ. పంపు రెండు నిమిషాలు తిరిగినా మూడు నాలుగు దాటదు. కావలసింది రాశి కాదు, ఒక్క ఊపున ఇవ్వగల సత్తా. అందుకే బ్యాటరీ బాగున్నదై, కేవలం దిగిపోయి ఉంటే, లోపలి దీపాలు, ఫ్రిజ్, ఇన్వర్టర్ అన్నీ కట్టేసి అరగంట చార్జింగుకు వదిలేయడం అన్నిటికంటే మేలైన వైద్యం. చాలామంది చేయలేనిది కూడా అదే. అయిదు నిమిషాలకోసారి బటన్ నొక్కి చూస్తారు, చేరిన నాలుగు చుక్కలూ ఆ పరీక్షల్లోనే ఆవిరవుతాయి.

మరి వీళ్లు గంట దాటి వదిలారు కదా, ఎందుకు కదల్లేదు? అక్కడికి వస్తాను. ముందు మనిషన్నవాడు చూడవలసిన చిన్న విషయాలు చూశాను: బ్యాటరీ మెయిన్ స్విచ్ కట్టేసి ఉందా, బ్యాటరీ దగ్గరి పెద్ద ఫ్యూజు ఉందా, టెర్మినళ్లు వదులయ్యాయా, హ్యాండ్ బ్రేక్ వేసి ఉందా. చివరిదాన్ని చూసి నవ్వకండి. హ్యాండ్ బ్రేక్ పడితే తప్ప, కొన్నిటిలో తాళం చెవి తిప్పితే తప్ప, జాక్‌లనూ స్లైడ్‌నూ కదలనివ్వని బండ్లున్నాయి. అన్నీ సరిగానే ఉన్నాయి.

మల్టీమీటర్ పెట్టాను. చార్జర్ నడుస్తుండగా 12.3 వోల్టులు. ఈ అంకెను చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ. చార్జింగులో ఉన్న బ్యాటరీ చూపేది తన బలం కాదు, తన మీద పడుతున్న ఒత్తిడి. చార్జర్ ఆపి, కాసేపు నిలవనిచ్చి చూడాలి. నిండిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ అప్పుడు 12.6, 12.7 చూపుతుంది. 12.2 అంటే సగం. 12 అంటే అడుగున నాలుగో వంతు. ఇంకా సరైన పరీక్ష, బటన్ నొక్కినప్పుడు ఎంతకు పడుతుందో చూడటం. ఈ బండిలో అది నొక్కగానే 8కి జారింది. చాలా కంట్రోల్ బోర్డులు 11 దరిదాపుల్లోకి దిగగానే పని మానేస్తాయి. 8 దగ్గర వాటికి ఊపిరే ఉండదు.

ఇంతలో సాయానికి జనం పోగయ్యారు. మన దగ్గర బండి ఆగితే మనుషులు ఆగుతారు, అది అదృష్టం. ధాన్యం బస్తాలతో వెళుతున్న లారీ డ్రైవరు ఒకరు దిగివచ్చి, "నా బ్యాటరీకి వైర్లు తగిలించండి, చిటికెలో లేస్తుంది" అన్నారు. మనసు మంచిదే. కానీ మన లారీల్లో, బస్సుల్లో చాలావాటికి రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి, మొత్తం 24 వోల్టులు. అది తెచ్చి 12 వోల్టుల ఇంటి వైపుకు (బండిలో దీపాలూ స్లైడూ నడిపే బ్యాటరీ వైపుకు) తగిలిస్తే స్లైడ్ కదలడం మాట అటుంచి కంట్రోల్ బోర్డు, దీపాలు, ఫ్రిజ్ బోర్డు అన్నీ ఒకేసారి మాడిపోవచ్చు. రెండు బ్యాటరీల్లో ఒక్కదాని నుంచే తీసుకునే పద్ధతి ఉంది. అయితే ఏ కొన ఎక్కడికి పోతోందో వెలుతురులో తీరిగ్గా చూసి చేయవలసిన పని అది. సెల్‌ఫోను వెలుగులో, పదిమంది తలో సలహా ఇస్తుండగా నేను చేయను. ఆయనకు దండం పెట్టి పంపించేశాను.

ఇదే కారణంగా అమెరికన్ చిట్కా ఒకటి మన క్యారవాన్లలో పనికిరాదు. అక్కడి మోటారు ఇళ్లలో ఇంజను బ్యాటరీ, ఇంటి బ్యాటరీ రెండూ సాధారణంగా 12 వోల్టులవే. డ్రైవరు ముందున్న చిన్న స్విచ్ నొక్కితే ఒక పెద్ద రిలే ఆ రెంటినీ కలుపుతుంది. అసలు అది ఇంజను బ్యాటరీ దిగిపోతే ఇంటి బ్యాటరీ సాయంతో స్టార్టు చేసుకోవడానికి పెట్టింది. తిరగేసి వాడుకోవచ్చు. ఇంజను స్టార్టు చేసి, డైనమో 14 వోల్టుల దాకా ఇస్తుండగా ఆ స్విచ్ నొక్కి పట్టుకుని స్లైడ్ బటన్ నొక్కితే చాలా బండ్లలో గది లోపలికి వచ్చేస్తుంది. అమెరికాలో ఆర్‌వీ ఉన్న మన పిల్లలు ఎందరికో ఆ స్విచ్ ఉందన్న సంగతే తెలియదు. కారు వెనక లాక్కెళ్లే ట్రెయిలర్ రకానికి మాత్రం ఈ వైభవం లేదు. లాగే బండి నుంచి వెనక్కి వచ్చే చార్జింగు తీగ సన్నం, దాంట్లో వచ్చేది కొద్ది ఆంపియర్లే. ఇంజను గంటల తరబడి తిప్పినా స్లైడుకు తక్షణ బలం రాదు. మన బస్సు చాసిస్ క్యారవాన్‌లోనేమో ముందు 24, వెనక 12. మధ్యలో వోల్టేజీ తగ్గించే డబ్బా ఒకటి ఉంటుంది, దాని శక్తి కూడా చార్జరంతే.

కాబట్టి ట్రాక్టరు. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లు మామూలుగా 12 వోల్టులవి. పొలం రైతు దాన్ని తెచ్చి పక్కన నిలబెట్టాడు. బొలేరోలు, కార్లు కూడా ఇందుకు పనికొస్తాయి. ఊళ్లో ఉంటే ఇంటి ఇన్వర్టర్ కింద ఉండే 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ కూడా చక్కగా పనికొస్తుంది. అది సెల్ఫ్ కొట్టడానికి పుట్టింది కాదు కానీ స్లైడ్ మోటారుకు సరిపడా ఇస్తుంది. మోయడానికి మాత్రం ఇద్దరు కావాలి.

జంపర్ వైర్ల గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే సగం ప్రయత్నాలు అక్కడే చెడతాయి. సంతలో దొరికే జంపర్ వైరు బొటనవేలంత లావుంటుంది. కోసి చూస్తే రబ్బరే రబ్బరు, లోపల రాగి అగ్గిపుల్లంత. డ్రైవరు దగ్గరున్నదీ అలాంటిదే. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పోనూ రానూ కలిపి ఆరు మీటర్లు అనుకుందాం. 40 ఆంపియర్లు దానిలో పారితే తీగలోనే ఒక వోల్టుకు పైగా కరిగిపోతుంది. ట్రాక్టరు దగ్గర 13.8 ఉన్నా క్లిప్పుల తుప్పు, టెర్మినళ్ల మురికి కలుపుకుని అవతలికి చేరేసరికి పన్నెండుకు దిగుతుంది. పంపు లాగే వంద ఆంపియర్లకైతే తీగలోనే దాదాపు మూడు వోల్టులు హరీ. అదే 16 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే 40 దగ్గర పోయేది పావు వోల్టు. నేను వెల్డింగు మిషను కేబులుతో చేసుకున్న జంపర్లు తీసుకెళ్లాను. చూడటానికి అందంగా ఉండవు.

తగిలించే వరుస అందరికీ తెలిసిందే అనుకుంటారు, తొందరలో అందరూ తప్పుతారు. ఎర్ర క్లిప్పు మొదట దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు. చివరి నల్ల క్లిప్పును దిగిపోయిన బ్యాటరీ మీద కాకుండా, కాస్త ఎడంగా, రంగు లేని చాసిస్ ఇనుము మీద పెట్టాలి. చివరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. గంట నుంచి చార్జింగులో ఉన్న బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ వాయువు ఉంటుంది. ఆ రెండూ కలవకూడదు. బ్యాటరీ పెట్టె మూత తీసి కాసేపు గాలి ఆడనిచ్చాకే వైర్లు ముట్టుకున్నాను.

మూత తీసినప్పుడే అసలు దొంగ దొరికాడు. పక్కపక్కనే రెండు 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలు, ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి ఉన్నాయి. చేయి పెడితే కుడివైపుది చల్లగా ఉంది. ఎడమవైపుది, అదీ ఒక చివర మాత్రమే, జ్వరం పట్టిన నుదురులా కాలుతోంది. ఒకే చార్జర్ కింద రెండూ ఉన్నప్పుడు ఒకటే వేడెక్కడం మంచి లక్షణం కాదు. రెంటి మధ్య తీగ విప్పి, కాసేపాగి విడివిడిగా చూశాను. చల్లనిది 12.2. వేడిది 10.7.

12 వోల్టుల బ్యాటరీ అంటే రెండేసి వోల్టుల గడులు ఆరు, వరుసగా. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే మిగిలేది అయిదు గడుల వోల్టేజీ, అంటే పదిన్నర చిల్లర. అటువంటిది మంచి బ్యాటరీకి జతగా ఉంటే గండి పడిన చెరువును నిండు చెరువుకు కలిపినట్టే. చార్జర్ ఇచ్చిందీ, మంచి బ్యాటరీ దాచుకున్నదీ అన్నీ అటే పోతాయి. గంట కాదు, తెల్లవార్లూ చార్జి చేసినా ఆ టక్‌టక్ ఆగేది కాదు. చెడ్డదాన్ని పూర్తిగా విప్పి పక్కన పెట్టి, మంచి ఒక్కదానికే ట్రాక్టరును కలిపాను. ట్రాక్టరును కాస్త వేగం పెంచి పది నిమిషాలు తిప్పమన్నాను. ఆ పది నిమిషాలు అలంకారానికి కాదు. కలిపిన వెంటనే నిండు బ్యాటరీ నుంచి ఖాళీ బ్యాటరీలోకి ముందు పారాలి, మట్టాలు కాస్త దగ్గరవ్వాలి, ఆ తర్వాతే తూము ఎత్తాలి.

బటన్ నొక్కితే గది మూలిగి, జరిగి, ఆగకుండా లోపలికి వచ్చి ధప్పుమని కూర్చుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

గది ముందు, కాళ్లు తర్వాత. ఈ వరుస గుర్తుంచుకోవాలి. చాలా తయారీదారులు చెప్పేది ఇదే, అయినా బండితో ఇచ్చిన పుస్తకం మాటే ఆఖరు. మట్టంగా నిలబడిన బండిలో స్లైడ్ పట్టాలు తిన్నగా ఉంటాయి. ముందే కాళ్లు ఎత్తేస్తే బండి ఒక పక్కకు ఒరిగి, గది బరువంతా పట్టాల మీద ఏటవాలుగా పడుతుంది, మోటారుకు పని రెట్టింపవుతుంది.

ట్రాక్టరూ దొరకకపోతే చేతి పనే. ప్రతి స్లైడుకూ చేత్తో తోసుకునే దారి ఏదో ఒకటి తయారీదారు పెట్టే ఉంటాడు. పళ్ల పట్టీ మీద నడిచే స్లైడుల్లో చాలావాటికి మోటారు వెనక రబ్బరు మూత కింద బోల్టు తల ఉంటుంది. దానికి హ్యాండిలో, సాకెట్ పెట్టిన ర్యాచెటో బిగించి తిప్పాలి. ముందుగా మోటారు బ్రేకు మీట ఉంటే దాన్ని వదిలించాలి, లేకపోతే ఎంత బలవంతుడు తిప్పినా బోల్టే అరుగుతుంది. గోడ రెండు చివర్లా రెండు చిన్న మోటార్లున్న రకంలో వాటిని విడదీసి, ఇద్దరు మనుషులు రెండు పక్కలా ఒకే లయలో తోయాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే గది వంకరగా ఇరుక్కుని కూర్చుంటుంది. హైడ్రాలిక్ అయితే కొన్ని పంపుల చివర మూత కింద షడ్భుజం గుంత ఉంటుంది. వాల్వులను పుస్తకంలో చెప్పినట్టు తిప్పి, బ్యాటరీ డ్రిల్లు మిషనుతో పంపును తిప్పవచ్చు. నిదానంగానే అయినా పని అవుతుంది.

మేమూ ఆ హ్యాండిల్ కోసం ముందే వెతికాం. డ్రైవరుకు అది ఎలా ఉంటుందో కూడా తెలియదు.

జాక్‌ల విషయంలో చేతి పని అంత సాదాసీదా కాదు. కరెంటు మోటారు జాక్ అయితే కాలి మీద బోల్టు తల ఉంటుంది, ఒక్కోదాన్నీ తిప్పుకోవచ్చు. హైడ్రాలిక్ జాక్‌లలో కొన్నిటికి స్ప్రింగులుంటాయి. వాల్వు వదలగానే నూనె వెనక్కి పోయి కాళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. ఆ క్షణంలో టన్నుల బరువున్న బండి దబ్బున చక్రాల మీదికి దిగుతుంది. వాల్వు బండి కిందే ఉంటుంది కనుక తల లోపల పెట్టి తిప్పాలన్న బుద్ధి పుడుతుంది. పెట్టవద్దు. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు, చాసిస్ కింద మొద్దులు పెట్టి, చేయి మాత్రమే లోపలికి పోనిచ్చే వీలుంటేనే ఆ పని. లేకపోతే తెల్లవారే దాకా ఆగడం, లోపల మంచాలున్నాయి కదా.

మాకు పంపు తిరిగింది. మూడు కాళ్లు లేచాయి, వెనక ఎడమది లేవలేదు. పంపు మూలుగు మారింది, ఆ కాలు మాత్రం పట్టు వదలదు. వంగి చూస్తే సగం అడుగు నేలలో ఉంది. అది నల్లరేగడి. తడి ఆరని పొలంలో జాక్ పాదం కింద చెక్క పెట్టకుండా దించారు. రెండు రాత్రులు టన్నుల బరువు మోస్తూ అది మట్టిలోకి దిగిపోయింది, పైన మట్టి మూతలా కప్పుకుంది. రేగడి పట్టు తెలిసిన రైతు గడ్డపారతో చుట్టూ తవ్వి పక్క నుంచి గాలి దూరనిచ్చాడు. బుడుక్కున శబ్దం చేసి కాలు పైకి వచ్చింది. చల్క నేలల్లో ఈ బాధ తక్కువ. రేగడిలో ప్రతి కాలి కిందా మూరెడు వెడల్పు పలక ఉండాల్సిందే.

ఇంతకీ బ్యాటరీలు ఎందుకు దిగాయి? కారణం గడి ఒక్కటే కాదు. టీవీ కోసం పెట్టిన ఇన్వర్టర్‌ను రెండు రాత్రులూ ఎవరూ కట్టేయలేదు. ఏమీ వాడకపోయినా పెద్ద ఇన్వర్టర్ ఊరికే ఒకటి, ఒకటిన్నర ఆంపియర్లు తాగుతూ ఉంటుంది. రోజుకు ముప్ఫై ఆరు ఆంపియర్ అవర్ల దాకా. పైకప్పు మీద 100 వాట్ల సోలార్ పలక ఉంది కదా అని ధీమా. అది మంచి ఎండలో ఇచ్చేది అయిదారు ఆంపియర్లు, చెట్టు నీడలో దాదాపు సున్నా. బండిని చెట్టు కిందే పెట్టారు. ఎండలు ముదిరాక మన ప్రాంతంలో 44, 45 డిగ్రీల వేడికి వాడకుండా ఉంచిన బ్యాటరీ కూడా తనంతట తాను వేగంగా దిగుతుంది, డిస్టిల్డ్ వాటర్ తగ్గుతుంది. దిగిన బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలితే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ పూర్తిగా కోలుకోదు.

లిథియం బ్యాటరీ ఉన్న బండ్లలో కథ వేరు. వాటి లోపలి రక్షణ బోర్డు మరీ దిగకుండా తలుపు మూసేస్తుంది, మీటరు సున్నా చూపుతుంది. చచ్చిందనుకుని పారేయవద్దు. సరైన లిథియం చార్జర్ తగిలిస్తే చాలావరకు లేచి కూర్చుంటుంది. కొన్ని తెలివైన చార్జర్లు అవతల వోల్టేజీ కనిపించకపోతే చార్జింగే మొదలుపెట్టవు, వాటితోనే పేచీ.

వారం తర్వాత డ్రైవరు ఆ చెడ్డ బ్యాటరీతో దుకాణానికి వచ్చాడు. బ్యాటరీ ఆసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటరు పెట్టి చూపించాను. అయిదు గడుల్లో దాని లోపల తేలే బుడ్డి 1230, 1240 దగ్గర నిలబడింది. ఆరో గడిలో, ఆ రాత్రి చేతికి వేడిగా తగిలిన చివరే, బుడ్డి లేవనే లేదు. ఒక్కటే మారిస్తే చాలదా అని యజమాని అడగమన్నాడట. పాతదానికి కొత్తదాన్ని జత కలిపితే ఇదే గండి కథ మళ్లీ మొదలవుతుంది, రెండూ ఒకే రకం, ఒకే వయసువి ఉండాలని చెప్పాను. రెండూ తీసుకున్నాడు.

వెళుతూ, "అన్నా, ఆ హ్యాండిల్ దొరికింది" అన్నాడు. ఎక్కడ అంటే, బండి పక్కనున్న సామాను పెట్టెలో. ఆ పెట్టె తలుపు గది లోపలికి వస్తేనే తెరుచుకుంటుందట. ఇప్పుడు దాన్ని తన సీటు కింద పెట్టుకున్నాడు.